బ్రేకు చూడని బ్రేకు ఇన్‌స్పెక్టరు

మన ఊళ్లలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు అంటే తెలిసేవాళ్లు తక్కువ. బ్రేకు ఇన్‌స్పెక్టరు అంటే అందరికీ తెలుస్తుంది. ఎవరు పెట్టారో గాని మంచి పేరే పెట్టారు. బండి నడవడం కన్నా ఆగడం ముఖ్యమని, ఆగుతుందో లేదో చూసే మనిషి ఒకడు రోడ్డు మీద ఉండాలని జనం అనుకున్నారు కాబట్టే ఆ పేరు నిలిచింది. అయితే ధాన్యం లారీల వెంట ఇన్నేళ్లుగా తిరుగుతున్నాను. రోడ్డు పక్కన ఆపిన లారీకి బ్రేకు పడుతుందో లేదో తొక్కించి చూసిన ఇన్‌స్పెక్టరు నాకింతవరకు తారసపడలేదు. కాగితాలు చూస్తారు. కాటా చీటీ చూస్తారు. చలానా రాస్తారు. లారీ వెళ్లిపోతుంది.

ఇది లారీవాళ్ల గొడవ, రైతుల పేజీలో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ లారీలో ఉన్నది మన ధాన్యం. అది తొక్కే రోడ్డు మన పొలాలకు పోయే రోడ్డు. దానికి ఎదురుగా ఆటోలో వచ్చేది మన నాట్ల కూలీలు. చలానా ఎవరి పేరున రాసినా చివరికి దాని బరువు దిగేది మన కళ్లంలోనే. కాబట్టి ఇది మన గొడవే.

ఆమధ్య ఒక దాళ్వాలో జరిగింది చెబుతాను. నేను గోదావరి డెల్టాలో కౌలు రైతును. మా వీధిలో నలుగురు రైతులం కలిసి ఒక మిల్లుకు నేరుగా ధాన్యం అమ్మాం. కోత మిషను వెళ్లిపోయింది. ధాన్యం ఆరబెట్టి బస్తాలకెత్తాం. పడమట మబ్బు పట్టింది. సాయంత్రానికి మిల్లు గుమాస్తా పది చక్రాల లారీ ఒకటి పంపించి, ‘320 బస్తాలూ దీనికే వేసెయ్యండి, రేపు లారీ దొరకదు’ అని ఫోనులో చెప్పాడు.

డ్రైవరు నడివయసు మనిషి. బస్తాల వరస చూసి తల గోక్కున్నాడు. ‘ఇన్ని వద్దండి బాబూ. లైనర్లు అరిగిపోయి ఉన్నాయండి. కాలవ గట్టు మలుపుల్లో బండి ఆగట్లేదండి’ అన్నాడు.

నేనేమన్నాను? సిగ్గుపడుతూనే రాస్తున్నాను. ‘ఈ ఒక్కసారికి సర్దుకోవయ్యా, వాన పడితే మా గతేమిటి?’ అన్నాను. మిగతా ముగ్గురూ అదే అన్నారు. డ్రైవరు తన ఓనరుకు ఫోను చేశాడు. అటునుంచి ఏం చెప్పారో గాని ఫోను జేబులో పెట్టుకుని మారు మాట్లాడలేదు. హమాలీలు ఎక్కించారు. మోకులు బిగించారు. పైన పట్టా కప్పారు.

లెక్క కట్టండి. బస్తా 75 కిలోలు. 320 బస్తాలంటే 24 టన్నులు. ఖాళీ లారీ తొమ్మిదిన్నర టన్నులు. మొత్తం ముప్పై మూడున్నర టన్నులు. పది చక్రాల లారీకి మొత్తం బరువు పరిమితి ఒకప్పుడు 25 టన్నులు. 2018 జులైలో కేంద్ర ప్రభుత్వం దాన్ని ఇరవై ఎనిమిదిన్నర టన్నులకు పెంచింది. పెంచిన పరిమితి ప్రకారం చూసినా మేం 5 టన్నులు ఎక్కువ వేశాం. బస్తాల్లో చెప్పాలంటే 253 బస్తాలు పట్టవలసిన లారీలో మరో 67 బస్తాలు కుక్కాం. బరువు ఆరో వంతుకు పైగా పెరిగింది. అదే వేగంలో వెళ్లే ఆ లారీని ఆపడానికి బ్రేకుల మీద పడే భారం కూడా ఆ మేరకు పెరిగింది. ఆ బ్రేకులకేమో లైనర్లు లేవు.

రాత్రి పది గంటలకు మెయిన్ రోడ్డెక్కగానే తనిఖీవాళ్లు ఆపారు. డ్రైవరు కాగితాల సంచి పట్టుకుని దిగాడు. ఫిట్‌నెస్ ఉంది. పర్మిట్ ఉంది. ఇన్సూరెన్స్ ఉంది. పొల్యూషన్ కాగితం ఉంది. లైసెన్సు ఉంది. లారీని కాటాకు తోలించారు. కాటా చీటీ చేతికి రాగానే చలానా తయారైంది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. మా 5 టన్నులకు 10,000. అంతా కలిపి 30,000 రూపాయలు. సవరణకు ముందు ఇదే తప్పుకు 2,000, టన్నుకు 1,000 చొప్పున మొత్తం 7,000 పడేది. 2025-26 సంవత్సరానికి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ లెక్కన 75 కిలోల బస్తా 1,777 రూపాయలు చేస్తుంది. అంటే ఒక్క చలానా 17 బస్తాల ధాన్యంతో సమానం.

ఓనరుకు ఫోన్లు, మిల్లుకు ఫోన్లు, బతిమాలడాలు. తెల్లవారుజాము దాకా లారీ అక్కడే ఉంది. రెండు గంటలప్పుడు వాన కొట్టింది. పట్టా చిరుగుల్లోంచి పై వరస బస్తాలు తడిశాయి. తెల్లారాక లారీ కదిలింది. ఎన్ని బస్తాలతో? 320 బస్తాలతోనే! ఎక్కువైన బరువు దించిన తర్వాతే బండి కదలాలని అదే 194వ సెక్షను చెబుతోంది. జరిమానా కట్టించుకుని అదే లోడుతో వదిలిపెట్టడం కుదరదని 2005 నవంబరులోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టం దారి చట్టానిది, లారీ దారి లారీది.

దారిలో డ్రైవరును అడిగాను. ‘బ్రేకు సంగతి చెప్పలేకపోయావా?’

‘చెబితే ఏమవుతుందండి? దానికింకో చలానా రాస్తారు. అదీ నా జీతంలోనే పడుద్ది’ అన్నాడు.

ఈ మాట దగ్గర కాసేపు ఆగుదాం. రోడ్డు తనిఖీ ఎందుకు పెట్టారు? రోడ్డు మీద ప్రమాదం రాకుండా. ప్రమాదం ఎక్కడుందో అందరికన్నా బాగా తెలిసినవాడు డ్రైవరు. ఆ డ్రైవరు నోరు విప్పలేని తనిఖీ ఏం తనిఖీ? ఫిట్‌నెస్ కాగితం పరీక్ష చేసిన నాటి సంగతి చెబుతుంది. ఎనిమిదేళ్ల లోపు లారీకి రెండేళ్లకొకసారి, ఆపైన ఏడాదికొకసారి ఆ పరీక్ష. ఈ రాత్రి లైనరు ఉందా, టైరు నున్నబడిందా, వెనక లైటు వెలుగుతోందా, డ్రైవరు నిద్రపోయి ఎన్ని గంటలైంది అనే ప్రశ్నలకు ఆ కాగితంలో జవాబుండదు. ఆ జవాబు లారీ కిందకు వంగి చూస్తే తెలుస్తుంది. డ్రైవరు పక్కన నిలబడి మంచిగా అడిగితే తెలుస్తుంది.

ఇక ఆ 30,000 ఎవరి మీద పడ్డాయో వినండి. చలానా లారీ నంబరు మీద పడింది. ఓనరు కట్టి, అందులో కొంత డ్రైవరు జీతంలో నెల నెలా కోసుకున్నాడు. మిగతాది తర్వాతి ట్రిప్పుల కిరాయిలో కలిపాడు. మిల్లువాళ్లు పెరిగిన కిరాయిని మా ధరలో తగ్గించారు. తడిసిన బస్తాలకు తేమ 17 శాతం దాటిందని మరో కోత పెట్టారు. మరి ‘320 బస్తాలూ వేసెయ్యండి’ అన్న మిల్లుకు ఏమైంది? ఏమీ కాలేదు. ఒక్క లారీ కిరాయితో ఒకటింపావు లారీ సరుకు చేరింది. రాత్రంతా రోడ్డు మీద జరిగిన తతంగంలో ఎంత వెయ్యాలో నిర్ణయించిన మనిషి పేరు ఒక్కసారి కూడా రాలేదు. దుత్త మీద కోపం తీర్చుకుంటే అత్తకు నొప్పెట్టదు కదా!

చట్టంలో ఆ మనిషిని పట్టుకునే దారి లేదా అంటే, ఉంది. పరిమితి మించిన బండిని నడిపినవాణ్ణే కాదు, నడిపించినవాణ్ణీ, నడవనిచ్చినవాణ్ణీ 194వ సెక్షను తప్పుపడుతుంది. 113వ సెక్షనులో ఇంకో మాట ఉంది. డ్రైవరు ఓనరు కాని పక్షంలో, ఆ తప్పు ఓనరుకు తెలిసే, లేదా అతని ఆజ్ఞ మీదే జరిగిందని కోర్టు భావించవచ్చు. చట్టం రాసినవాళ్లకు కూడా డ్రైవరు తన ఇష్టం కొద్దీ లోడు వేసుకోడని తెలుసన్నమాట. కాని రోడ్డు మీద రాసే కలం డ్రైవరు తలుపు దాటి పోవడం లేదు. ఓనరు దాకా అప్పుడప్పుడు పోతుందేమో. మిల్లు గేటు దాకా, క్వారీ గేటు దాకా, సిమెంటు ఫ్యాక్టరీ గేటు దాకా పోదు.

అధిక లోడు డ్రైవరు దురాశ వల్ల, ఓనరు కక్కుర్తి వల్ల వస్తుందని పట్నం పత్రికలు రాస్తుంటాయి. అసలు సంగతి కిరాయిలో ఉంది. సరుకు పంపే పెద్ద వ్యాపారి టన్నుకింత అని కిరాయి ఖాయం చేస్తాడు. డీజిలు, టోలు, టైర్లు, ఫైనాన్స్ వాయిదా, డ్రైవరు జీతం, బత్తా అన్నీ అందులోంచే రావాలి. న్యాయమైన బరువు వేస్తే ఆ కిరాయి ఖర్చులకే చాలదు. ఒకటి రెండు లారీలున్న చిన్న ఓనరు ఇది గిట్టదని చెబితే, వెనక గిట్టుతుందని చెప్పేవాడు మరొకడు నిలబడి ఉంటాడు. మన దేశంలో లారీల్లో ఎక్కువ భాగం ఇట్లాంటి చిన్న ఓనర్లవే. వాళ్లలో వాళ్లకు పోటీ పెట్టి కిరాయిని అధిక లోడు లెక్కకు దించేశారు. 2018లో పరిమితి పెంచినప్పుడు ఇక అధిక లోడు బెడద ఉండదన్నారు. మా రోడ్డు మీద నాకు కనపడిందేమిటంటే, పెరిగిన పరిమితి కొత్త లెక్కకు మొదలయింది, దాని మీద మళ్లీ కుక్కుడు మామూలే.

ధాన్యం దగ్గర మనం కూడా ఈ గొలుసులో ఒక కడియమే. లారీ దొరకదన్న భయం, వాన భయం, మిల్లు రేపు ధర మారుస్తుందన్న భయం మన చేత ‘ఇంకో పది బస్తాలు వెయ్యవయ్యా’ అనిపిస్తున్నాయి. ఆ భయాన్ని పెంచి వాడుకునేవాడికే లాభం. మనకు దక్కేది విరిగిన రోడ్డు.

రోడ్డు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో ఇంజనీర్లు ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద లారీలు పదే పదే తిప్పి పరీక్షలు చేశారు. ఇరుసు మీద బరువు పెరిగిన కొద్దీ రోడ్డుకు తగిలే దెబ్బ అదే లెక్కన పెరగదని, సుమారుగా నాలుగో ఘాతంలో పెరుగుతుందని వాటిలో తేలింది. లెక్కల్లో చెప్పాలంటే బరువు 20 శాతం పెరిగితే దెబ్బ రెండింతలు. ఒకటిన్నర రెట్లయితే దెబ్బ ఐదింతలు. మా 320 బస్తాల లారీ ఆ రాత్రి రోడ్డును దాదాపు రెండు లారీల పాటు దెబ్బతీసింది. అదీ నల్లరేగడి మీద, కాలవ గట్టు మీద వేసిన రోడ్డు. వాన నీరు దిగితే కింద మట్టి మెత్తబడుతుంది. గుంట పడితే దాన్ని పూడ్చే నాథుడుండడు. మరుసటి ఏడు అదే గుంటల్లో మన ట్రాక్టరు ఇరుసు విరుగుతుంది, పురిటి నొప్పులు పడే ఆడమనిషితో ఆటో ఇరుక్కుంటుంది. కిరాయిలో మిల్లు మిగుల్చుకున్న డబ్బు ఊరు రోడ్డు రూపంలో చెల్లిస్తోంది.

ఈ మధ్య కొందరు రైతు మిత్రులు ఒక కోరిక పెడుతున్నారు. పంట కాలంలో రైతు సరుకు తెచ్చే లారీలను అసలు ఆపకూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలట. వాళ్ల బాధ నాకు తెలుసు. వానలో తడిసిన బస్తాలు నావి కూడా. అయినా ఈ కోరిక తప్పని చెప్పక తప్పదు.

2018 ఏప్రిల్లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టరు కాలవలో పడి 9 మంది ఆడవాళ్లు చనిపోయారు. 2021 జనవరిలో అదే జిల్లాలో అంగడిపేట దగ్గర కూలీల ఆటో ప్రమాదంలో మరో 9 మంది పోయారు. 2023 మేలో పల్నాడు జిల్లా పొందుగల దగ్గర కూలిపనికి వస్తున్న ఆడవాళ్ల ఆటోను లారీ గుద్దింది. పోయినవాళ్లు మిరపకాయలు ఏరేవాళ్లు, కలుపు తీసేవాళ్లు. 2022 ఒక్క సంవత్సరంలోనే దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క చెబుతోంది. మన సరుకు లారీని ఆపవద్దని మనమే అడిగితే, బ్రేకు లేని లారీకి మన కూలీల ఆటో మీదికి మనమే దారి ఇచ్చినట్టవుతుంది. లారీని ఆపాలి. ఆపి సరిగ్గా చూడాలి. అంతకన్నా ముందు, అది బయలుదేరిన చోటనే చూడాలి. మనం అడగవలసింది ఇది.

ఇది ఎక్కడా జరగని పనేం కాదు. ఉత్తర అమెరికాలో రోడ్డు పక్కన చేసే పూర్తి తనిఖీలో 37 దశలున్నాయి. ఇన్‌స్పెక్టరు లారీ కిందకు దూరి బ్రేకులు చూస్తాడు. డ్రైవరు ఎన్ని గంటలు నడిపాడో రికార్డు చూస్తాడు. ప్రమాదకరమైన లోపం ఉంటే బాగుచేసేదాకా బండి కదలదు. ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాలు 2014 నుంచి ఒక ఉమ్మడి చట్టం అమలు చేస్తున్నాయి. దాని ప్రకారం సరుకు పంపినవాడు, మూట కట్టినవాడు, ఎక్కించినవాడు, అందుకున్నవాడు కూడా అధిక లోడుకు, డ్రైవరు అలసటకు జవాబుదారీ. అవి పెట్టుబడిదారీ దేశాలే. అక్కడ కూడా లారీ డ్రైవర్ల కష్టాలు తీరిపోలేదు. అయినా గొలుసు పొడవునా బాధ్యత వెయ్యడం అక్కడ సాధ్యమైనప్పుడు ఇక్కడ ఎందుకు కాదు?

ఇక్కడ జరుగుతున్నది దానికి ఎదురు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, వారానికి 48 గంటలు, 5 గంటలకొకసారి అరగంట విశ్రాంతి అని రాసింది. అప్పుడే అది 5గురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే పరిమితం. ఒకటి రెండు లారీల ఓనరు దగ్గర పనిచేసే డ్రైవరుకు దాని నీడ కూడా తగలలేదు. దాన్ని 2020లో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిపి, 10 మంది ఉంటేనే సంస్థ అన్నారు. 2025 నవంబరు 21న ఆ కోడ్ అమల్లోకి వచ్చింది. అంటే రక్షణ గొడుగును ఇంకా చిన్నది చేశారు. శిక్ష విషయానికి వస్తే మాత్రం పెద్దది చేయబోయారు. ప్రమాదం చేసి చెప్పకుండా వెళ్లిన డ్రైవరుకు 10 ఏళ్ల దాకా జైలు అని కొత్త న్యాయ సంహితలో రాశారు. 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు దేశమంతా లారీలు నిలిపేస్తే, ఆ ఒక్క నిబంధనను పక్కనపెట్టి మిగతా సంహితను 2024 జులై 1న అమలుకు తెచ్చారు. లారీ క్యాబిన్‌లో ఎయిర్ కండిషనరు ఉండాలన్న నిబంధన కొత్తగా తయారయ్యే లారీలకు వర్తిస్తుంది. మంచిదే. కాని నిద్ర లేని మనిషికి చల్లగాలి నిద్రకు బదులవుతుందా?

ఇక మామూళ్ల సంగతి అందరికీ తెలిసిందే. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టు, అధిక లోడు ఉన్నంతకాలం దాని మీద బతికేవాళ్లు ఉంటారు. జరిమానా 7,000 నుంచి 30,000కు పెరిగితే, జరిమానా లేకుండా పోనివ్వడానికి పలికే ధర కూడా పెరుగుతుంది. 2017 జులైలో జీఎస్టీతో రాష్ట్రాల పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. 2025 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం రవాణా శాఖ చెక్‌పోస్టులను కూడా మూసేసింది. చెయ్యి చాచే గేటు పోతే సంతోషమే. అయితే గేటు తీసేసినంత మాత్రాన లైనరు కొత్తది కాదు, బరువు తగ్గదు. గేటు స్థానంలో ఏం పెడుతున్నారు అన్నది అసలు ప్రశ్న. రోడ్డు మీద వేళాపాళా లేని తనిఖీ ఒక్కటే మిగిలితే డ్రైవరుకు పాత కష్టమే కొత్త చోట ఎదురవుతుంది.

కాబట్టి రైతు సంఘాలు, లారీ కార్మికుల సంఘాలు, చిన్న ఓనర్ల సంఘాలు విడివిడిగా మొత్తుకోవడం మాని ఒక్కచోట కూర్చుని కొన్ని డిమాండ్లు ఖాయం చేసుకోవాలి. నాకు తోచినవి చెబుతాను.

ఒకటి. మిల్లులు, మార్కెట్ యార్డులు, క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, రేవుల గేట్ల దగ్గర ప్రభుత్వ కాటా ఉండాలి. పరిమితికి మించిన లారీ గేటు దాటకూడదు. కళ్లం దగ్గర కాటా ఉండదు కాబట్టి ఎన్ని బస్తాలు వెయ్యాలో లారీ పంపిన మిల్లే కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. రోడ్డు మీద అధిక లోడు పట్టుబడితే ఆ సంతకం ఉన్నవాడి మీద మొదటి చలానా పడాలి.

రెండు. రోడ్డు తనిఖీ అంటే బ్రేకు, స్టీరింగు, టైర్లు, లైట్లు, డ్రైవరు విశ్రాంతి. వీటిని చూసినట్టు రాసిన కాగితం ఒక ప్రతి డ్రైవరుకు ఇవ్వాలి. లోపాన్ని తనకు తానై చెప్పిన డ్రైవరు మీద జరిమానా పడకూడదు. బాగుచేయించే ఖర్చు ఓనరుది. జరిమానాను జీతంలో కొయ్యడం నేరం కావాలి.

మూడు. ఎక్కువైన బరువు దించి తీరవలసిందే. అయితే రైతు సరుకును వానలో రోడ్డు పక్కన పడెయ్యకూడదు. తనిఖీ చోట కప్పు ఉన్న గోదాము ఉండాలి. రెండో బండి కిరాయి సరుకు పంపినవాడు భరించాలి. టమాటా, మామిడి, చేపల్లాంటి పాడయ్యే సరుకు లారీలను ముందు చూసి పంపాలి.

నాలుగు. న్యాయమైన బరువు లెక్కన గిట్టుబాటయ్యే కనీస కిరాయి ప్రభుత్వం ప్రకటించాలి. పంటకు మద్దతు ధర ఎంత అవసరమో లారీకి ఇదీ అంతే అవసరం. ఆ కిరాయి రైతు ధరలో కోయకుండా కొనేవాడు చెల్లించాలి.

ఐదు. ఒక్క లారీ ఉన్న ఓనరు దగ్గర పనిచేసే డ్రైవరుకు కూడా పని గంటల పరిమితి వర్తించాలి. నాట్ల కాలంలో, మిరప కోతల కాలంలో కూలీలకు బస్సులు నడపాలి. ట్రాక్టరు తొట్టిలో మనుషుల్ని ఎక్కించకండి అని బోర్డు పెట్టి ఊరుకుంటే సరిపోదు.

వీటికి డబ్బెక్కడిదని అడుగుతారు. చలానాల సొమ్ము ఎక్కడికి పోతోందో చెప్పమనండి. విరిగిన రోడ్ల మరమ్మతుకు ఏటా ఎంతవుతోందో చెప్పమనండి. అక్కడే జవాబు దొరుకుతుంది.

మా నాన్న బండి కట్టేటప్పుడు ఒక పద్ధతి ఉండేది. ముందు ఇరుసుకు కందెన వేసేవాడు. సీల ఉందో లేదో చేత్తో తడిమి చూసేవాడు. ఎద్దు మెడ మీద పుండు ఉంటే ఆ రోజు బండి కట్టేవాడు కాదు. ఎన్ని బస్తాలు వెయ్యాలన్నది షావుకారు చెప్పినట్టు కాక ఎద్దు లాగగలిగినట్టు నిర్ణయమయ్యేది. ఇదంతా ఇంటి ముందు, బండి కదలకముందే జరిగేది. రోడ్డు మీద ఆపి చూడవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఆ ఎద్దుకు చూపిన దయ ఆ రాత్రి నేను ఆ డ్రైవరుకు చూపలేదు.

ఆ రాత్రి మా లారీకి ఏమీ కాలేదు. కాలవ గట్టు మలుపులో డ్రైవరు గేరు తగ్గించి, హారన్ కొట్టుకుంటూ, నడక వేగంతో దాటించాడు. అతని నేర్పు మమ్మల్ని కాపాడింది. తనిఖీ కాపాడలేదు, చలానా కాపాడలేదు, మేమూ కాపాడలేదు. ప్రతి రాత్రీ అట్లాంటి నేర్పు మీద, అదృష్టం మీద ఆధారపడి మన ధాన్యం ఊరు దాటుతోంది. వచ్చే దాళ్వాకు మా నలుగురం ఒక మాట అనుకున్నాం. 250 బస్తాలు దాటి ఏ లారీకీ వెయ్యం. మిల్లువాడు కాదంటే ఇంకో మిల్లు చూసుకుంటాం. నలుగురితో ఇది నిలవదని తెలుసు. ఊరంతా అంటే నిలవవచ్చు. డెల్టా అంతా అంటే మిల్లు గేటు దగ్గర కాటా పెట్టక తప్పదు.